జ్ఞానాంబకు ఆరో పూత

చిత్తూరు గిరింపేటలో నా సైకిల్ పెయింటింగ్ షాపుకు వచ్చినవాళ్ళు ముందు చదివేది నా పేరు కాదు. తలుపు పక్కన ఎర్ర అక్షరాలతో నేను రాసి తగిలించిన అట్ట. ‘ఆరిందా అని అడగరాదు’ అని ఉంటుంది దాని మీద. ముప్పై ఏళ్ళ పనిలో ఈ ఒక్క ప్రశ్న నన్ను ఏడిపించినంత ఇంకేదీ ఏడిపించలేదు. రంగు ఆరడమనేది రంగుకూ ఎండకూ మధ్య వ్యవహారం. మధ్యలో నేనెవర్ని, మీరెవరు?

ఏకాంబరానికి కోపం ఎక్కువని నా గురించి బజారంతా చెప్పుకుంటారు. నిజమే. పని మాత్రం బంగారమని కూడా చెప్పుకుంటారు, అదీ నిజమే. ఈ రెండూ ఒకదానికొకటి తోడని చాలా కాలం అనుకున్నాను.

నా పని సంగతి చెప్తాను. తుప్పు పట్టిన సైకిల్ ఫ్రేము తెస్తారు. గీకి, రంగు వేసి, పైపు మీద బొమ్మ అతికించి, పైన వార్నీషు పూసి కొత్తదాన్ని చేసి ఇస్తాను. ఆ బొమ్మను మేం ట్రాన్స్‌ఫర్ అంటాం. కాగితం మీద పల్చటి పొరగా ఉంటుంది. నీళ్ళలో నానబెడితే పొర కాగితాన్ని వదిలేసి జారుతుంది. దాన్ని పైపు మీదికి జార్చి, అడుగున నీటి చుక్క గానీ గాలి బుడగ గానీ లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తాలి. ఆరాక వార్నీషు. అది ఆరాక తడి ఉప్పుకాగితంతో మెల్లిగా రుద్ది మళ్ళీ వార్నీషు. అట్లా పూత మీద పూత పడేకొద్దీ బొమ్మ అంచు వార్నీషులో మునిగిపోతుంది.

మదరాసు పెరంబూరులో నాకు పని నేర్పిన మునస్వామి మేస్త్రి, కళ్ళు మూసుకుని పైపు మీద వేలు పోనిచ్చి చూసేవాడు. బొమ్మ అంచు వేలికి తగిలిందంటే అదే చేత్తో నెత్తిన ఒక్కటి ఇచ్చేవాడు. “కంటికి కనపడాలి, వేలికి దొరకకూడదు. అదీ పనంటే” అనేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఆ దెబ్బ నా నెత్తి మీద ఇంకా ఉంది. వేలికి దొరికే పని నా షాపు గడప దాటి ఎన్నడూ బయటికి పోలేదు.

ఎనభై ఒకటో సంవత్సరం, కార్తీకమాసం. ఒకరోజు పొద్దున వసంతమ్మ వదిన గంపలో తువాలు చుట్టిన మూట పెట్టుకుని వచ్చింది. కట్టమంచిలో ఉండే గోవిందస్వామన్న భార్య ఆమె. వరసకు ఏమీ కారు, ఒకప్పుడు మా పక్కింట్లో కాపురమున్నారు. వదినంటే నోరున్న మనిషి, నన్ను చూస్తే ఆ నోరు ఇంకాస్త లేస్తుంది.

“ఏమబ్బా ఏకాంబరం, దీన్ని కాస్త సూడు.”

తువాలు విప్పితే లోపల బస్సు! మూరకు కాస్త తక్కువ పొడుగు. కింద ఆకుపచ్చ, పైన మీగడ రంగు. పైన సామాన్ల కటకటాలు, వెనక నిచ్చెన, ముందు టార్చి బల్బుల దీపాలు.

“ఇది సైకిలు కాదే” అన్నాను.

“సైకిలయితే నీకు కోపమొస్తాదని బస్సు తెచ్చినా” అంది.

నేను నవ్వు ఆపుకుని బస్సును వెలుతురులో పెట్టి చూశాను. నూనె డబ్బా రేకు, టేకు ముక్కలు. అసలు బండి ఒక అడుగుంటే ఇది అర అంగుళం, ఆ లెక్క ఒక్కచోట కూడా తప్పలేదు. లోపల ఒక్కో సీటుకూ రెక్సిన్ గుడ్డ తొడిగి ఉంది. స్టీరింగుకు చిన్నపిల్లల రాగి ఉంగరం. ఇది ఏ బండో నాకు వెంటనే తెలిసింది. చిత్తూరు నించి కార్వేటినగరం మీదుగా పుత్తూరుకు పోయే ‘జ్ఞానాంబ’. ఇరవై రెండేళ్ళు గోవిందస్వామన్న తోలిన బండి.

పుత్తూరంటే ఎముకలకు కట్టు కట్టే ఊరు గదా. జ్ఞానాంబలో ఎప్పుడు చూసినా సగం మంది కాలో చెయ్యో విరిగినవాళ్ళే. గుంత వస్తే గోవిందస్వామన్న బండిని దాదాపు నిలబెట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించి, ఎక్కించేవాడు. వెనకాల బస్సులన్నీ హారన్లు కొట్టుకుంటూ దాటిపోయేవి. ఈయన చెవిన పడేది కాదు. తరవాత ఆ కంపెనీ మూతపడింది. జ్ఞానాంబను విప్పి ఇనుము కింద అమ్మేశారు. గోవిందస్వామన్న ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

“రెండేండ్లు పట్టింది దీనికి. రంగంతా ఆయనే ఏసినాడు” అంది వదిన. “పేరు రాద్దామని కుంచె పట్టుకుంటే గీత యాడ మొదులయిందో కనపళ్ళా. నాలుగు తూర్లు రాసి నాలుగు తూర్లూ తుడిసేసినాడు. ఇరవై రెండేండ్లు తోలిన బండికి పేరు రాసుకోలేకపోతినే అని ఏడిసినాడబ్బా.”

“కళ్ళకేమయింది?”

“నరం ఎండిపోతా ఉండాదంట. రాయవేలూరు డాక్టరు సెప్పినాడు. ఇప్పటికి గొట్టంలో నించి సూసినట్టు మద్దెలో రవ్వంత కనపడతాది. అది గూడా ఎన్ని దినాలో సెప్పలేమన్నాడు. అది పోయేలోపల పేరు పడిన బండిని కండ్లారా ఒక్క తూరి సూడాల. అంతే ఆయన కోరిక. ఇంకేమీ అడగడు.”

“పది రోజుల్లో ఇస్తాను వదినా” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

పేరు నేరుగా బస్సు మీద రాయొచ్చు. కానీ అంత చిన్న అక్షరం, ఒక్క గీత వంకర పోతే కింద ఆయన రెండేళ్ళ రంగు పాడవుతుంది. అందుకని ట్రాన్స్‌ఫర్ చెయ్యాలనుకున్నాను. కాగితానికి తుమ్మబంక పూసి ఆరబెట్టాను. దాని మీద పల్చగా వార్నీషు, దాని మీద సన్న కుంచెతో పసుపు అక్షరాలు, పక్కన నల్ల నీడ. ‘జ్ఞానాంబ’ అని పన్నెండు కాగితాలు రాశాను. పన్నెండులో కుడిపక్కకు ఒకటి, ఎడమపక్కకు ఒకటి, మచ్చ లేనివి ఏరాను. మిగతా పది నాకు నచ్చలేదు. ఒకదాంట్లో నీడ లావయింది, ఒకదాంట్లో సున్న కాస్త కోలగా వచ్చింది. వాటిని పాత క్యాలెండర్ మడతలో పెట్టాను, పారేద్దామనుకుని మరిచిపోయాను.

అతికించే రోజు వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితం నీళ్ళలో వేసి, పొర కదిలేదాకా ఆగి, మెల్లిగా బస్సు మీదికి జార్చాను.

“ఓస్, ఇంతేనా! ఒడియాల గుడ్డ ఎనక నీళ్ళు సల్లి ఒలిసినట్టే గదా” అంది.

“నీ ఒడియానికి ఆరు పూతల వార్నీషు ఉంటుందా?” అన్నాను.

“ఆరా! ఆరెందుకబ్బా?”

“అంచు మునగాలంటే ఆరు పడాలి.”

ఆమె తన లెక్కలేవో తాను వేసుకుంటున్నట్టు బస్సు వైపే చూస్తూ కూర్చుంది.

మూడు పూతలు పడేసరికి సోమవారం వచ్చింది. వదిన వచ్చింది. బస్సు తళతళలాడుతోంది, పేరు పసుపు పచ్చగా మెరుస్తోంది. చూసి ఆమె మొహం విచ్చుకుంది.

“అయిపోయింది గదా! ఇచ్చెయ్, ఎత్తుకోని పోతా.”

నేను కళ్ళు మూసుకుని పేరు మీద వేలు పోనిచ్చాను. ‘జ్ఞా’ దగ్గర, వెంట్రుకంత, తగిలింది.

“కాలేదు. అంచు తగులుతోంది.”

“అంచు తగిలితే ఏమబ్బా? ఆయనకు ఉండేది రవ్వంత సూపు. దాంట్లో నీ అంచు కనపడతాదా? పేరు కనపడితే సాలు.”

“కనపడ్డం కాదు వదినా, పని పూర్తి కావాలి. నిదానమే ప్రధానం.”

“ఆలస్యం అమృతం విషం అని గూడా సెప్పినారు పెద్దోళ్ళు. నిన్న అన్నం తట్టలో సెయ్యి పెట్టబోయి పక్కన పెట్టినాడు. నా మాట ఇను. ఇచ్చెయ్. కావాలంటే ఆయన సూసినంక మళ్ళా తెచ్చిస్తా, నీ ఇష్టమొచ్చినన్ని పుయ్యి.”

ఎంత తేలికైన దారి! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. సగం పని చూపించడమా? అదీ ఇంత పనితనం తెలిసిన మనిషికి? తలుపు పక్కనున్న అట్ట వైపు వేలు చూపించాను.

“చదువుకో వదినా.”

“నాకు సదువు రాదులే” అంది ఆమె. గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమెకు చదువు వచ్చని నాకు తెలుసు.

మంగళవారం నాలుగో పూత వేశాను. ఆ మధ్యాహ్నమే ముసురు పట్టింది. తేమలో వార్నీషు తెల్లబారి, బస్సు మీద మజ్జిగ పోసినట్టయింది. దాన్ని రుద్ది తీసేసి మళ్ళీ వేశాను. బుధ, గురువారాలు వదిన వచ్చి గడప బయటే నిలబడి, నేను తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయింది. శుక్రవారం నించి రాలేదు. పీడ వదిలింది, ఇక ప్రశాంతంగా పని చేసుకోవచ్చు అనుకున్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నాను.

ఆదివారం పొద్దునకు ఆరో పూత ఆరింది. కళ్ళు మూసుకుని వేలు పోనిచ్చాను. ముందు నించి వెనక్కి, వెనక నించి ముందుకి. ఏమీ లేదు. నీళ్ళ మీద వేలు పెట్టినట్టుంది. మునస్వామి మేస్త్రి బతికుంటే ఆ రోజు నన్ను కౌగలించుకునేవాడు. బస్సును దూది పరిచిన అట్టపెట్టెలో పెట్టి, సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ కట్టమంచికి పోయాను.

గోవిందస్వామన్న ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరికి రాకముందే అన్నాడు.

“ఏకాంబరమా? వార్నీషు వాసన తగిలింది.”

నేను పెట్టె తెరిచి బస్సును ఒళ్ళో పెట్టాను. ఆయన చేతులు నెమ్మదిగా దాన్ని పట్టుకున్నాయి. వేళ్ళు పైన కటకటాల మీదికి పోయాయి, వెనక నిచ్చెన దిగాయి, దీపాలను తడిమాయి. తరవాత కుడిపక్కకు వచ్చి, కిటికీల కింద ముందు నించి వెనక దాకా ఒకసారి పోయాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి.

“ఎంత నున్నగా ఉండాదబ్బా! అద్దం మాదిరి ఉండాది” అన్నాడు. వేలు మూడోసారి అదే దారిన పోయింది. “పేరు యాడ రాసినావు?”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయన మొహం బస్సు వైపు లేదు, వీధి వైపు ఉంది. తలెత్తితే గడపలో వసంతమ్మ వదిన నిలబడి ఉంది.

“శుక్రవారం పొద్దున లేసి, ఇంకా తెల్లారలేదా అని అడిగినాడు” అంది. “అప్పుటికి ఎండ వాకిట్లోకి వచ్చుండాది.”

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“ఇక్కడే ఉందన్నా. నీ వేలి కిందే ఉంది” అన్నాను. ఆయన వేలు పట్టుకుని ‘జ్ఞా’ మీద పెట్టి, ‘నాం’ మీదికీ ‘బ’ మీదికీ నడిపించాను. ఆయన ఎంతో శ్రద్ధగా వెతికాడు. ఆ వేలికి ఒక్క అంచు దొరకనివ్వలేదు నేను. ఆరు పూతలు పూసి, తొమ్మిది రోజులు రుద్ది, గుడ్డివాడికి ఒక్క గీత కూడా దొరక్కుండా చేశాను. ముప్పై ఏళ్ళుగా నేను నేర్చుకున్నదంతా అదే.

“అట్లనా. ఉంటాదిలే. నువ్వు రాసినాక లేకుండా యాడికి పోతాది” అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. అది ఇంకా నొప్పి పెట్టింది.

ఇంటికి వచ్చి అన్నం సహించక కూర్చున్నాను. సోమవారం అడిగింది. శుక్రవారం పోయింది. మధ్యలో మంగళ, బుధ, గురు. మూడు నిండు రోజులు ఆయన తన బండిని చూసుకునేవాడు. వానే ఆలస్యం చేసిందని ఒకసారి అనుకుని చూశాను. నా మనసే నన్ను నమ్మలేదు. వాన మంగళవారం వచ్చింది, వదిన సోమవారం అడిగింది. ఇప్పుడేం చేసినా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మరునాడు షాపులో వార్నీషు డబ్బా మూత కింద పరవడానికి కాగితం కోసం వెతుకుతుంటే పాత క్యాలెండర్ చేతికి వచ్చింది. మడత విప్పితే పది ‘జ్ఞానాంబ’లు. లావు నీడది, కోల సున్నది, అన్నీ ఉన్నాయి. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. తరవాత బ్లేడు, గుడ్డ, నీళ్ళ గిన్నె సంచిలో వేసుకుని, షాపు మూసి కట్టమంచికి పోయాను.

ఆ రోజు ముసురు వదిలి మంచి ఎండ కాచింది. తిన్నె మీద బస్సును పెట్టి, మొదటి కాగితాన్ని అక్షరాల చుట్టూ బ్లేడుతో కత్తిరించి, నీళ్ళలో వేశాను. కుడిపక్క పేరు మీద, ఉన్న అక్షరం మీదే అక్షరం సరిగ్గా కూర్చునేట్టు జార్చి ఒత్తాను. గోవిందస్వామన్న పక్కనే కూర్చున్నాడు. ఎండలో అరగంట ఆగాలి.

“ఆరిందా?” అన్నాడు.

నా జన్మలో ఆ మాటకు కోపం రానిది అదే మొదటిసారి. “ఇదిగో అన్నా, ఆరుతోంది” అన్నాను.

ఆరాక వేలు పెట్టి చూశాడు. “లేదబ్బా.”

దాని మీద రెండోది. దాని మీద మూడోది. ఒక్కో పొర ఆరాక ఆయన వేలు పెట్టి చూడడం, తల ఊపడం. నాలుగోది ఆరాక వేలు ఆగింది. “ఏందో గీత మాదిరి ఉండాది.” వదిన వంటింట్లో పని వదిలేసి వచ్చి గడపలో కూర్చుంది. ఆరోది అతికించాక ఆయన వేలు ఒకచోట గుండ్రంగా తిరిగింది. “ఇది సున్న. ‘నాం’ గదా?” అన్నాడు. కోలగా వచ్చిందని నేను పక్కన పెట్టిన సున్నే అది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదోది ఆరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అక్షరాలు మెట్లు కట్టినట్టు పైకి లేచాయి. అంచులు ఒకదానికొకటి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. మేస్త్రి చూస్తే నా నెత్తి పగలగొట్టేవాడు. గోవిందస్వామన్న వేలు ముందు నించి మొదలుపెట్టి, ఒక్కో ఒంపూ తిరిగి, ఎక్కడా తొందరపడకుండా పోయింది.

“జ్ఞా... నాం... బ.”

ఇంకోసారి చదివాడు. మూడోసారి నోటితో చదవలేదు, వేలితోనే చదువుకున్నాడు.

నాకు ఉండబట్టలేదు. “అన్నా, పోయిన సోమవారమే ఇచ్చి ఉంటే నువ్వు కళ్ళారా చూసుండేవాడివి. వదిన అడిగింది. నేనే ఇవ్వలేదు. అంచు తగులుతోందని ఇవ్వలేదు” అన్నాను.

ఆయన వేలు అక్షరాల మీదే ఉంది.

“సూసుండేవాణ్ణే” అన్నాడు.

పరవాలేదని అనలేదు. నేనూ ఎదురుచూడలేదు. మళ్ళీ తనే అన్నాడు.

“నేను గూడా ఇరవై రెండేండ్లు నిదానంగానే తోలినా ఏకాంబరం. ఇరిగిన కాలికి కుదుపు తగలకూడదని. అట్ల తోలినందుకు ఎవురు ఆలస్యంగా సేరినారో, ఏం పోగొట్టుకున్నారో, ఒకరు గూడా నాకు సెప్పలా. దిగి పోయినారు. నువ్వు ఈడ కూసోని సెప్పినావు.”

వదిన కాఫీ తెచ్చి ఇచ్చింది. “ఎడమపక్క గూడా ఇట్లే ఎయ్యాల్నా?” అని అడిగింది.

“వద్దు” అన్నాడు ఆయన. “ఎడమపక్క జనం ఎక్కే పక్క. వాళ్ళకు కండ్లుండాయి, నున్నగా సూసుకోనీ. కుడిపక్క డ్రైవరుది.” తరవాత నా వైపు తిరిగాడు. “దీని మీద వార్నీషు పుయ్యవా?”

“పూస్తే మళ్ళీ నున్నగా అయిపోతుందన్నా. పూయకపోతే, నువ్వు రోజూ తడిమితే ఏడాదికంతా అరిగిపోతుంది.”

“అరగనీ. అరిగితే మళ్ళా అంటిద్దువు” అన్నాడు. “ఈ తూరి మాత్రం నిదానం వద్దు, బిన్నా రా.”

అది జరిగి ఐదేళ్ళు. నా షాపు తలుపు పక్కన అట్ట ఇంకా ఉంది. కోపం కూడా ఉంది, పోయిందని చెప్తే బజారులో ఎవరూ నమ్మరు. సైకిళ్ళకు ఇప్పటికీ వేలికి దొరకకుండానే పూస్తాను. జ్ఞానాంబకు మాత్రం నాలుగుసార్లు పేరు మళ్ళీ అతికించి వచ్చాను. మొన్న కట్టమంచి పోయినప్పుడు చూశాను, ‘బ’ అంచు కాస్త అరుగుతోంది. ఆయన ఏమీ అనలేదు. నిన్న కూర్చుని పది కాగితాలు రాశాను. ఇందాక చూస్తే ఆరి ఉన్నాయి. షాపు మూసేసి ఇప్పుడే బయలుదేరుతున్నాను.